ఇంటి ఏసీ శుభ్రం: ఎవరి పని?

చదివే ముందు

ఇది అభిప్రాయ వ్యాసం. అంటే రాసినవారు ఒక విషయం మీద తమ మాట చెప్పి, ఎందుకో కారణాలు చూపిస్తారు. చదువుతూ మీరు ఒప్పుకునే చోట టిక్కు పెట్టండి. ఒప్పుకోని చోట ప్రశ్న గుర్తు పెట్టండి. చివర్లో రెండూ పనికొస్తాయి.

పిల్లలూ, ముందు ఒక చిన్న ప్రశ్న. మీ ఇంట్లో ఏసీ ఫిల్టర్ ఎక్కడుంది?

వైఫై పాస్‌వర్డ్ అడిగితే వెంటనే చెప్పేస్తారు. ఐస్‌క్రీమ్ ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చూపిస్తారు. ఫిల్టర్ ఎక్కడుందంటే మాత్రం చాలామంది "నాన్నని అడగాలి" అంటారు. నాన్నని అడిగితే ఆయన కూడా కాసేపు పైకి చూసి ఆలోచిస్తారు!

నా అభిప్రాయం ఇది. పదేళ్ళు దాటిన ప్రతి పిల్లా, పిల్లాడూ తమ ఇంటి ఏసీని ఎలా చూసుకోవాలో నేర్చుకోవాలి. అమ్మానాన్నా దగ్గరుండి నేర్పాలి. "నువ్వు చదువుకో నాన్నా, ఆ పని ఎవరో ఒకరు చూస్తారులే" అనే మాట మన తెలుగు ఇళ్ళల్లో కొంచెం తగ్గాలి. ఎందుకంటారా? చెప్తాను.

మా ఇంట్లో ఏం జరిగిందంటే

మేము టెక్సస్‌లో, డాలస్‌కి దగ్గర్లో ఉంటాం. ఒక ఏడాది మే నెల చివర్లో మా అత్తగారూ మామగారూ గుంటూరు నుంచి వచ్చారు. వాళ్ళు వచ్చిన మూడో రోజు ఏసీ మొండికేసింది. గాలి వస్తోంది గానీ చల్లగా లేదు. థర్మోస్టాట్‌లో 75 పెడితే లోపల 84 చూపిస్తోంది. మామగారు "విసనకర్ర ఏమైనా ఉందా?" అని అడిగారు. "గుంటూరు నుంచి ఇంత దూరం వచ్చినా విసనకర్రేనా!" అని అత్తగారు నవ్వారు. నవ్వారు గానీ, ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

మర్నాడు మెకానిక్ వచ్చారు. ముందు ఫిల్టర్ బయటికి లాగారు. అది తెల్లగా ఉండాలి కదా? బూడిదరంగు కంబళి ముక్కలా ఉంది. తర్వాత లోపలి కాయిల్ చూపించారు. దాని మీద ఐసు గడ్డకట్టి ఉంది! బయట మండే ఎండ, పెట్టెలో ఐసు, ఇల్లు మాత్రం వేడి. మాకు ఏమీ అర్థం కాలేదు.

ఆయన పెరట్లోకి తీసుకెళ్ళి బయటి కాయిల్ కూడా చూపించారు. దాని చుట్టూ దూది దుప్పటి కప్పినట్టుంది. మా వీధి చివర కాటన్‌వుడ్ చెట్లున్నాయి. మన బూరుగు చెట్టులాగే వాటి కాయలు పగిలి, దూది గాలిలో ఎగురుతుంది. ఆ దూదంతా మా ఏసీకి అతుక్కుంది.

"మీ మిషన్ పాడవలేదు. దానికి ఊపిరాడటం లేదు, అంతే" అన్నారాయన. తర్వాత అడిగారు, "ఫిల్టర్ చివరిసారి ఎప్పుడు మార్చారు?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పన్నెండేళ్ళ మా అమ్మాయి మా ఇద్దరి మొహాలూ చూసింది. డబ్బు పోయినందుకు అంత బాధ లేదు గానీ, ఆ పిల్ల ముందు నాకు సిగ్గేసింది.

కుండకి రంగు వేస్తే ఏమవుతుంది?

అసలు కాయిల్ అంటే ఏమిటి? దీనికి ముందు మట్టికుండ సంగతి తెలియాలి.

వేసవి సెలవులకి ఇండియా వెళ్ళినప్పుడు మీరు కుండలో నీళ్ళు తాగే ఉంటారు. ఫ్రిజ్ లేకుండానే ఆ నీళ్ళు చల్లగా ఎందుకుంటాయి? కుండకి కంటికి కనపడనంత సన్నటి రంధ్రాలుంటాయి. వాటిలోంచి నీళ్ళు కొద్దికొద్దిగా చెమర్చి, ఆవిరైపోతాయి. ఆవిరయ్యేటప్పుడు కుండలోని వేడిని కూడా తీసుకుపోతాయి. అందుకే మిగిలిన నీళ్ళు చల్లబడతాయి. చెమట పట్టినప్పుడు ఫ్యాన్ కింద నిలబడితే హాయిగా ఉండేదీ అందుకే.

ఏసీలో జరిగేది కూడా దాదాపు ఇదే. అందులో రెండు కాయిల్స్ ఉంటాయి. కాయిల్ అంటే మెలికలు తిరిగిన గొట్టం. దాని చుట్టూ కాగితం అంత పల్చని అల్యూమినియం రెక్కలుంటాయి. గొట్టంలో ఒక ద్రవం తిరుగుతుంది. ఇంటి లోపలి కాయిల్‌లో ఆ ద్రవం ఆవిరై, ఇంట్లోని వేడిని లాక్కుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ గట్టిగా నొక్కి, బయటి కాయిల్‌కి పంపుతుంది. అక్కడ అది వేడిని బయటి గాలికి వదిలేసి, మళ్ళీ ద్రవంగా మారి లోపలికి వస్తుంది. ఇలా రోజంతా తిరుగుతూనే ఉంటుంది.

కాబట్టి ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఏసీ చలిని తయారు చేయదు. ఇంట్లో ఉన్న వేడిని ఎత్తి బయట పారబోస్తుంది. ఆ పని జరగాలంటే రెండు కాయిల్స్‌కీ గాలి బాగా తగలాలి. వాటిమీద దుమ్ము, వెంట్రుకలు, దూది పేరుకుపోతే గాలి తగలదు. అది కుండకి పైనంతా పెయింట్ వేసినట్టే! రంధ్రాలు మూసుకుపోయాక కుండ నీళ్ళని చల్లబరచలేదు కదా?

లోపలి కాయిల్‌కి గాలి సరిగ్గా తగలకపోతే అది మరీ చల్లబడిపోతుంది. గాలిలోని తేమ దాని మీద ఐసుగా మారుతుంది. ఐసు వల్ల గాలి ఇంకా తగ్గుతుంది. మా ఇంట్లో జరిగింది ఇదే.

దీనివల్ల కరెంటు కూడా దండగ. మురికి పట్టిన ఫిల్టర్ తీసేసి కొత్తది పెడితే ఏసీ వాడే కరెంటు 5 నుంచి 15 శాతం దాకా తగ్గవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. మీ ఇంట్లో ఏసీకి నెలకి 100 డాలర్ల కరెంటు ఖర్చవుతుందనుకోండి. అందులో 5 నుంచి 15 డాలర్లు మనం దుమ్ముకి కడుతున్నామన్నమాట.

"అది మన పని కాదు" అనే మాట

మన పెద్దవాళ్ళు కొందరు ఇలా అంటారు: "మెకానిక్ ఉన్నాడు, హోమ్ వారంటీ ఉంది. మనకెందుకు?" ఈ మాటలో కొంత నిజం ఉంది. కానీ మెకానిక్ ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తారు. దుమ్ము మాత్రం రోజూ వస్తుంది. పైగా చాలా వారంటీలు "మిషన్‌ని సరిగ్గా చూసుకుంటేనే" అని షరతు పెడతాయి.

ఇంకొందరు అంటారు: "పిల్లల టైమ్ వేస్టు. ఆ అరగంట మ్యాథ్స్ చేసుకోవచ్చు." నేను ఒప్పుకోను. కాయిల్ ఎలా పనిచేస్తుందో చూస్తే అది సైన్సు. కరెంటు బిల్లు పోల్చి చూస్తే అది లెక్కలు. ఆ రెండూ పుస్తకం బయట, మన పెరట్లోనే ఉన్నాయి.

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఏసీ లేదు. ఉగాది దాటగానే అటక మీద నుంచి కూలర్ దించేవాళ్ళు. దాని చుట్టూ ఉన్న పాత గడ్డి తీసేసి, కొత్త గడ్డి పెట్టేవాళ్ళు. నాన్న పంపు చూసేవారు. అమ్మ గడ్డి సర్దేది. అడుగున ఉండే ట్రే తోమే పని పిల్లలది. పాకుడు పట్టి జారుతూ ఉండేది, వాసన కూడా వచ్చేది! అంతకు ముందు తరంలో కిటికీలకి వట్టివేళ్ళ తడికెలు కట్టి, వాటిమీద నీళ్ళు చల్లేవాళ్ళట. ఎవరో ఒకరు లేచి నీళ్ళు చల్లితేనే చల్లగాలి. అప్పట్లో చల్లదనం అంటే ఇంటిల్లిపాదీ చేసే పని.

ఇక్కడ అలా కాదు. ఒక కాయిల్ అటకలోనో, క్లోజెట్‌లోనో దాక్కుంటుంది. రెండోది పెరట్లో పొదల వెనక ఉంటుంది. మనకి కనపడేది గోడమీద అంకె ఒక్కటే. కనపడని దాని గురించి ఎవరూ ఆలోచించరు. హాల్లో సోఫా తళతళ మెరుస్తుంది, లోపల కాయిల్ మీద అంగుళం మందం దుమ్ము! దీన్నే తెలుగులో "పైన పటారం, లోన లొటారం" అంటారు.

దసరాకి కారు కడిగి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టే ఇళ్ళు అమెరికాలో కూడా ఉన్నాయి. మనకి పనిచేసి పెట్టే వస్తువుని గౌరవించాలని దాని అర్థం. మంచిదే. కారుకి చేసే మర్యాదలో పావు వంతు ఏసీకి చేసినా చాలంటాను.

సికింద్రాబాద్ నుంచి నాసా దాకా

ఇప్పుడు ఒక నిజమైన కథ. వీరభద్రన్ రామనాథన్ అనే శాస్త్రవేత్త ఉన్నారు. ఆయన తమిళులు, మద్రాసులో పుట్టారు. ఇంజనీరింగ్ చదివాక మన సికింద్రాబాద్‌లో ఒక రిఫ్రిజిరేటర్ల కంపెనీలో ఉద్యోగం చేశారు. ఫ్రిజ్‌లలో ఉండే సీఎఫ్‌సీ అనే వాయువు ఎందుకు కారిపోతోందో కనిపెట్టడం ఆయన పని. ఆ ఉద్యోగం ఆయనకి అంతగా నచ్చలేదు. తర్వాత చదువుకోవడానికి అమెరికా వచ్చారు.

1975లో ఆయన వర్జీనియాలోని నాసా పరిశోధన కేంద్రంలో ఉన్నారు. అక్కడ ఒక పెద్ద సంగతి కనిపెట్టారు. సీఎఫ్‌సీలు గాలిలో కలిస్తే భూమిని బాగా వేడెక్కిస్తాయి. బరువుకి బరువు పోల్చి చూస్తే, వాటిలో కొన్ని కార్బన్ డయాక్సైడ్ కన్నా కొన్ని వేల రెట్లు ఎక్కువ హాని చేస్తాయి. సికింద్రాబాద్‌లో ఏ వాయువు కారకుండా ఆపాలని చూశారో, అదే వాయువు ప్రపంచానికి ఎంత ప్రమాదమో ఆయనే చూపించారు!

అవే వాయువులు ఓజోన్ పొరని కూడా తినేస్తాయని 1974లో ఇద్దరు శాస్త్రవేత్తలు, మారియో మోలినా, షెర్వుడ్ రోలండ్ చెప్పారు. 1987లో చాలా దేశాలు మాంట్రియల్‌లో ఒప్పందం చేసుకుని, వాటిని ఆపడం మొదలుపెట్టాయి. ఇళ్ళ ఏసీల్లో చాలాకాలం వాడిన ఆర్-22 వాయువుని అమెరికాలో తయారు చేయడం, దిగుమతి చేయడం 2020 నుంచి ఆగిపోయింది. దాని తర్వాత వచ్చిన ఆర్-410ఎ ఓజోన్‌కి హాని చేయదు. కానీ అది కూడా కార్బన్ డయాక్సైడ్ కన్నా రెండు వేల రెట్లు ఎక్కువగా వేడెక్కిస్తుంది. ఇప్పుడు కొత్త ఏసీల్లో ఇంకొంచెం మేలైనవి వస్తున్నాయి.

దీన్నిబట్టి మీకు ఒక మాట చెప్పాలి. ఇంట్లో ఎవరైనా "ఏసీలో గ్యాస్ అయిపోయింది, పట్టించాలి" అంటే మీరు మర్యాదగా ఒక ప్రశ్న అడగండి: "ఎక్కడ కారుతోంది?" కారులో పెట్రోల్ అయిపోయినట్టు ఏసీలో గ్యాస్ అయిపోదు. అది మూసి ఉన్న గొట్టంలోనే తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడిందన్నమాట. ముందు ఆ చిల్లు మూయాలి. లేకపోతే డబ్బూ పోతుంది, గాలీ పాడవుతుంది.

ఇది సరదా కోసం కాదు

2023 వేసవిలో ఆరిజోనాలోని ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 110 డిగ్రీలు, అంతకన్నా ఎక్కువ ఎండ కాసింది. ఆ ఏడాది ఆ ఊరున్న మారికోపా కౌంటీలో వేడి వల్ల 645 మంది చనిపోయారు. ఇళ్ళలోపలే చనిపోయినవాళ్ళు కూడా అందులో ఉన్నారు. వాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో ఏసీ ఉంది, కానీ పనిచేయడం లేదు.

మిమ్మల్ని భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. అవన్నీ దుమ్ము వల్లే ఆగిపోయాయనీ అనడం లేదు. కానీ మన అమ్మమ్మలూ, తాతయ్యలూ ఇక్కడికి ఎక్కువగా వేసవిలోనే వస్తారు. పెద్దవాళ్ళ ఒళ్ళు వేడిని మనలా తట్టుకోలేదు. ఏసీ నడుస్తూ ఉండటం వాళ్ళకి చాలా అవసరం. ఎండలు ముదిరాక మెకానిక్ కోసం రెండు మూడు రోజులు ఆగాల్సి రావచ్చు. "దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి" అని సామెత. ఏసీ పని మార్చిలోనో, ఏప్రిల్‌లోనో చూసుకోవాలి.

మీరు చేయగలిగేవి

ఇవన్నీ ఒక పెద్దవాళ్ళని పక్కన పెట్టుకునే చేయాలి. ముందుగా థర్మోస్టాట్‌లో ఏసీ ఆపేయాలి.

1. ఫిల్టర్: నెలకోసారి తీసి చూడండి. సైజు దాని అంచుమీదే రాసి ఉంటుంది. మురికిగా ఉంటే కొత్తది పెట్టండి. అంచుమీద బాణం గుర్తు గాలి వెళ్ళే వైపు, అంటే మిషన్ వైపు ఉండాలి.

2. బయటి కాయిల్ చుట్టూ: ఆకులు, గడ్డి, దూది చేత్తో తీసేయండి. పొదలు రెండు అడుగుల దూరంలో ఉండేలా పెద్దవాళ్ళచేత కత్తిరించండి.

3. బయటి కాయిల్ కడగడం: ముందు పెద్దవాళ్ళు బయట గోడమీదున్న స్విచ్ పెట్టెలో కరెంటు ఆపాలి. తర్వాత తోటకి నీళ్ళు పట్టే పైపుతో మెల్లగా కడగండి. ప్రెషర్ వాషర్ వద్దు. దాని దెబ్బకి రెక్కలు వంగిపోతాయి.

4. నీళ్ళ గొట్టం: లోపలి కాయిల్ మీద పట్టిన తేమ నీరై, ఒక సన్న గొట్టంలోంచి బయటికి పోతుంది. అందులో పాకుడు పడితే నీళ్ళు వెనక్కి తన్ని సీలింగ్ తడుస్తుంది. అప్పుడప్పుడు ఒక కప్పు తెల్ల వెనిగర్ పోస్తే పాకుడు పట్టదు. వెనిగర్‌తో బ్లీచ్ మాత్రం ఎప్పుడూ కలపకూడదు. విషవాయువు వస్తుంది.

మీరు ముట్టుకోకూడనివి

కరెంటు వైర్లు, కంప్రెసర్, గ్యాస్ గొట్టాలు, లోపలి కాయిల్ పెట్టె మూత. ఇవి మెకానిక్ పని. ఏసీ గ్యాస్ ముట్టుకునేవాళ్ళు అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ నియమాల ప్రకారం పరీక్ష పాసై ఉండాలి. వాళ్ళ పనిలో చదువుంది, ఒడుపుంది. ఎండాకాలంలో అటక ఎక్కి పనిచేయడం మామూలు సంగతి కాదు. మన పని మనం కొంచెం చేసుకుంటే, వాళ్ళ పని ఎంత గొప్పదో కూడా తెలుస్తుంది. వాళ్ళు వచ్చినప్పుడు ఒక గ్లాసు చల్లటి నీళ్ళు ఇవ్వడం మరచిపోకండి.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళు "మా ఏసీ మేం ముట్టుకోకూడదు" అంటారేమో. సరే, ముట్టుకోవద్దు. కానీ ఫిల్టర్ ఎప్పుడు మార్చారో అడగొచ్చు కదా! అడిగితే తప్పు లేదు.

చివరగా

మా అమ్మాయి ఇప్పుడు ప్రతి ఫిల్టర్ అంచుమీద మార్కర్‌తో తారీఖు రాస్తుంది. తెలుగులోనే రాస్తుంది: "మే 3, మార్చాను." మే నెలలో దూది ఎగరడం మొదలవగానే పైపు పట్టుకుని పెరట్లోకి వెళ్తుంది. సగం నీళ్ళు కాయిల్ మీద, సగం తన మీద!

పోయిన వేసవిలో అత్తగారూ మామగారూ మళ్ళీ వచ్చారు. ఇల్లు చల్లగా ఉంది. అత్తగారు "ఈసారి మెకానిక్‌ని ముందే పిలిపించారా?" అని అడిగారు. "పిలవలేదు నానమ్మా, ఇంట్లోనే ఉంది" అంది మా అమ్మాయి.

ఈ శనివారం మీ ఇంట్లో ఫిల్టర్ ఎక్కడుందో కనిపెట్టండి. పని అక్కడ మొదలుపెడదాం.

కొత్త మాటలు

అటక: ఇంటి కప్పు కింద సామాన్లు దాచుకునే చోటు
మొండికేయడం: చెప్పినట్టు వినకపోవడం, పనిచేయకపోవడం
చెమర్చడం: కొద్దికొద్దిగా తడి పైకి రావడం
పేరుకోవడం: పొరలు పొరలుగా చేరడం
దండగ: పనికి రాని ఖర్చు
వట్టివేళ్ళు: మంచి వాసన వచ్చే ఒక గడ్డి వేళ్ళు
పాకుడు: తడిచోట పట్టే జారుడు నాచు
ఇంటిల్లిపాదీ: ఇంట్లోవాళ్ళందరూ
ఒడుపు: పని చేయడంలో నేర్పు

ఆలోచించండి, రాయండి

1. ఏసీ చలిని తయారు చేయదని రచయిత ఎందుకన్నారు? కుండ ఉదాహరణతో మీ మాటల్లో చెప్పండి.
2. "గ్యాస్ అయిపోయింది" అనే మాటలో తప్పేమిటి?
3. మీరు ప్రశ్న గుర్తు పెట్టిన చోటు ఒకటి తీసుకోండి. రచయితతో మీరు ఎందుకు ఒప్పుకోరో ఐదు వాక్యాల్లో రాయండి.
4. మీ అమ్మమ్మకో, తాతయ్యకో ఫోన్ చేసి, వాళ్ళ చిన్నప్పుడు ఎండాకాలంలో ఇల్లు ఎలా చల్లబరచుకునేవారో అడగండి. విన్నది తరగతిలో చెప్పండి.